బడికి ఈసీజీ తీసుకెళ్తున్నాం, ఇంకేం తీసుకెళ్లాలి?

నాడీతరంగం
అందరికీ నమస్కారం. హైదరాబాదు దగ్గర ఒక యూనివర్సిటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, మూడో ఏడు. మా ల్యాబ్ పనంతా గుండె, కండరాల నుంచి వచ్చే కరెంటు సంకేతాల మీద. ఈ నెలాఖరున మెదక్ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి మన పని చూపిద్దాం అన్నారు మా సార్. ఆయన ‘చూపిద్దాం’ అన్నారంటే నేను చూపించాలని అర్థం.

పిల్లలు 90 మంది. టైము ఒక పూట. చేతిలో ఆరు వేలు. సామాను: ఏడీ8232 అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో కట్టిన ఈసీజీ (గుండె సంకేతాన్ని గీతగా చూపేది; బోర్డు వెయ్యి లోపే దొరుకుతుంది), ముంజేతి కండరం బిగిస్తే మూసుకునే ప్లాస్టిక్ పంజా, త్రీడీ ప్రింటర్‌లో తీసిన కృత్రిమ చేయి. నలభై స్లైడులు కూడా తయారు. ఇంకేం తీసుకెళ్లమంటారు?

సుద్దముక్క
అమ్మాయివో అబ్బాయివో తెలీదు గానీ ముందు ఆ నలభై స్లైడులూ ఇంట్లో పెట్టి రా.

ఇరవై రెండేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెప్తున్నా, అన్నీ ప్రభుత్వ బళ్లే. ఇలాంటి బృందాలు చాలానే వచ్చాయి. బ్యానరు కట్టడానికి అరగంట, ప్రొఫెసర్ గారికి శాలువా పావుగంట, గ్రూపు ఫోటో ఇంకో పావుగంట. పిల్లలు చేత్తో ముట్టుకున్నది సున్నా. తర్వాత వారం పరీక్ష పేపరు వెనక ‘వాళ్లు ఏం చెప్పారు’ అని రాయమంటే ఒకడు ‘సమోసా బాగుంది’ అని రాశాడు. వాడికి మార్కులు వేశాను. నిజమే రాశాడు.

ఆరుగురేసి గుంపులు చెయ్యి. మిగతావాళ్లకి ఈలోపు వేరే పని ఉండాలి, లేకపోతే వరండా కూలిపోతుంది. ఇంకొకటి, ఇది ముఖ్యం: ఈసీజీ స్టిక్కర్లు ఛాతీ మీద పెట్టే ఆలోచన ఉంటే మానుకో. ఆడపిల్లలు ఒక్కరు కూడా ముందుకు రారు, రమ్మనడమే తప్పు. రెండు మణికట్లు, ఒక చీలమండ చాలు కదా?

నాడీతరంగం
అమ్మాయినే మాస్టారూ. చాలు, మణికట్ల మీద కూడా గీత బాగానే వస్తుంది. ఛాతీ సంగతి మాకు తట్టనే లేదు, ల్యాబ్‌లో ఎప్పుడూ మా మీద మేమే అంటించుకుంటాం కాబట్టి.

ఫ్యూజుపోయింది
జిల్లా ఆస్పత్రిల బయోమెడికల్ టెక్నీషియన్‌ని. గిది ముందుగాల చెప్తున్న: ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టకుండ్రి. బ్యాటరీ మీదనే నడపండ్రి. బళ్లల్ల ప్లగ్గుకి మూడు రంధ్రాలు ఉంటయి, మూడోదానికి వెనుక వైరు ఉండదు. పిల్లగాని ఒంటికి వైర్లు పెట్టి, ఆ వైర్లను ఎర్తింగ్ లేని కరెంటుకి కలిపే పని ఎవ్వరు చెప్పినా చేయొద్దు.

ఇగ 90 మందికి మూడేసి స్టిక్కర్లంటే 270. మీ ఆరు వేలల్ల ఎంత గుంజుతదో లెక్క చేస్కోండ్రి. వాటి బదులు మా దగ్గర పాత ఈసీజీ మిషన్లకి చేతులకు, కాళ్లకు పెట్టే క్లిప్పులు ఉంటయి. కింద ఉప్పునీళ్లల్ల తడిపిన దూది పెట్టుండ్రి, మనిషి మనిషికీ స్పిరిట్‌తోని తుడవండ్రి. స్టిక్కరు ఖర్చు లేదు, పీకేటప్పుడు ఏడుపు లేదు.

నాడీతరంగం
అన్నా, క్లిప్పుల ఐడియా బంగారం. ఒక అనుమానం: బ్యాటరీ మీద నడిపినా తరగతి గదిలో ట్యూబులైట్లు, ఫ్యాన్ల వల్ల గీతలో 50 హెర్ట్జ్ రొద (గోడ కరెంటు వణుకు) వస్తుంది. ఫిల్టర్ పెట్టి తీసేసి చూపించమంటారా?

సుద్దముక్క
తీసెయ్యకు! ఆ రొదే పాఠం. ముందు రొదతో చూపించు. తర్వాత మెయిన్ ఆపి చూపించు. గీత శుభ్రపడుతుంటే గదిలో కనపడని కరెంటు ఏదో ఒంట్లోకి వస్తోందని వాళ్లంతట వాళ్లే అంటారు. గుండె ఇచ్చేది ఒక మిల్లీవోల్టు, గోడలో ఉన్నది 230 వోల్టులు అని అప్పుడు చెప్పు. నా పాఠ్యపుస్తకంలో ఆ రెండూ పక్కపక్కన ఎక్కడా కనపడవు.

డల్లాస్_గోంగూర
ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేసి బయటపడ్డా. ఇక్కడి సంగతి కూడా తెలియాలి కాబట్టి రాస్తున్నా. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ 1997 నుంచి గ్రాంటు దరఖాస్తులను రెండు తూకాల్లో తూస్తుంది. ఒకటి శాస్త్రంగా దాని విలువ, రెండోది దానివల్ల సమాజానికేంటి అన్నది. ఈ రెండో తూకం వల్ల ప్రతి ల్యాబ్‌కీ ఒక బడి, ఒక శనివారం, ఒక పేరా దొరికాయి. మా ల్యాబ్‌లో ఆ పేరా ఐదేళ్లు మారలేదు, బడి పేరు మాత్రం మారింది. మంచిగా చేసేవాళ్లు లేరని కాదు. మేం మాత్రం చెయ్యలేదు.

పనికొచ్చే మాట ఒకటి చెప్తా. ఫోన్ కెమెరా, టార్చి రెండిటి మీదా వేలు పెట్టమనండి. తెర ఎర్రగా అయ్యి గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంచెం నల్లబడుతుంది. పల్స్ ఆక్సీమీటరు మూలసూత్రం అదే. కోవిడ్‌లో ప్రతి ఇంట్లో ఉంది కాబట్టి పిల్లలకి కొత్త కాదు. 1970లలో జపాన్‌లో తకువో అయోయాగి కనిపెట్టాడు. ఎర్రకాంతి, కంటికి కనపడని పరారుణ కాంతి వేలిలోంచి ఎంతెంత దాటి వచ్చాయో పోల్చి ఆక్సిజన్ లెక్క కడుతుంది.

దీన్లో అసలు కథ వేరే. 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు ఒక పరిశీలన బయటపెట్టారు. ఆక్సీమీటరు ఆక్సిజన్ 92–96 శాతం చూపిస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే నిజానికి 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. చర్మం రంగు కాంతికి అడ్డుపడుతోంది, పరికరం సరిచూసుకున్నది ఎక్కువగా తెల్లని వేళ్ల మీద. మీ 90 మంది పిల్లల ఒంటి రంగు ఏంటో మీకు తెలుసు. ‘ఈ మిషన్ ఎవరి వేలు చూసి నేర్చుకుంది?’ అని అడగండి. ఆషాఢం కాబట్టి గోరింటాకు ఉన్న వేలికీ లేని వేలికీ తేడా వస్తుందేమో వాళ్లనే చూడమనండి.

మావూరి_జీడితోట
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. అందరూ ఏం తీసుకెళ్లాలి అని రాస్తన్నారు. మా ఊరికొచ్చినవాళ్లు ఏం పట్టుకెళ్లారో నేను రాస్తాను.

కిడ్నీ జబ్బు మా ఇంట్లోనే ఇద్దరికి. మా నాన్నకి, మా పెదనాన్నకి. ఎందుకొస్తోందో ఇంకా తేల్చలేదు. ఎండలో పనా, నీళ్లా, మందులా, అన్నీ కలిసా. తేల్చడానికని ఎవులెవులో వచ్చినారు. రక్తం తీసినారు, మూత్రం సీసాలు పట్టుకెళ్లినారు, బావి నీళ్లు, మట్టి, బియ్యం కూడా. ఒక బృందమైతే మా నాన్న దగ్గర రెండుసార్లు తీసినారు. పేరు చెప్పను, ఇప్పుడెందుకు. ఏటి వచ్చిందో ఎవులూ చెప్పనేదు. రెండేళ్ల తర్వాత ఇంగ్లీషులో ఏదో పత్రికలో అచ్చయిందని మా తమ్ముడు నెట్లో చూసి చెప్పినాడు. అందులో మా ఊరు ఒక చుక్క, మా నాన్న ఒక అంకె.

ఇప్పుడు పలాసలో 2023లో పెద్దాసుపత్రి తెరిచారు, డయాలసిస్‌కి వైజాగ్ దాకా పోవక్కర్లేదు, అది వేరే మాట. కానీ తెల్లకోటు వేసుకున్నవాళ్లు సీసాలతో దిగితే ఇప్పుడు మా వీధిలో తలుపులు వేస్తారు. చదువుకున్నవాళ్లం కూడా వేస్తాం.

చెల్లీ, నువ్వు రక్తం తియ్యవు, తెలుసు. అయినా 90 మంది పిల్లల గుండె గీతలు నీ ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి కదా? అవి ఎవరివి?

నిర్వాహకుడు
ఉద్దానం నీళ్ల పథకం ఏ ప్రభుత్వం తెచ్చింది అన్న 14 వ్యాఖ్యలు తీసేశాం. దానికి రాజకీయాల విభాగం ఉంది. ఇక్కడ బడి గురించి మాట్లాడండి.

నాడీతరంగం
అన్నా, మీ పోస్టు చదివి రాత్రి జవాబు రాయలేకపోయాను. మొదట కోపం వచ్చిన మాట నిజం. మాది పరిశోధన కాదు కదా, చూపించడానికే కదా వెళ్తున్నాం అనుకున్నాను. తర్వాత మా కోడు తెరిచి చూస్తే ప్రతి రికార్డింగూ దానంతట అదే ఫైలుగా దాచుకుంటోంది. ల్యాబ్‌లో అలవాటు. ఆ లైను ఇప్పుడే తీసేశాను. గీత తెర మీద పారుతుంది, ఎక్కడా మిగలదు. పిల్లలకి మాత్రం ఎవరి గీత వాళ్లకి కాగితం మీద ప్రింటు తీసి ఇద్దామనుకుంటున్నా. వాళ్లది వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఓపీ_చీటీ
పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. ఆ కాగితం మాత్రం ఇవ్వకమ్మా.

ఏమవుతుందో చెప్తాను. పదమూడేళ్ల పిల్లల్లో ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంది. గీతల మధ్య ఖాళీలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. పూర్తిగా సహజం, ఆరోగ్యానికి గుర్తు కూడా. ఆ కాగితాన్ని తండ్రి సాయంత్రం ఊళ్లో ఇంజెక్షన్లు వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తాడు. ఆయన చూసి పెదవి విరుస్తాడు. మర్నాడు బస్సెక్కి టౌనుకి, అక్కడ ఎకో (గుండె స్కాన్), ఇంకో రెండు టెస్టులు. ఐదారు వేలు అప్పు. నువ్వు ఇచ్చింది జ్ఞాపిక, వాళ్లకి చేరింది జబ్బు.

నిజంగా ఏదైనా తేడాగా అనిపిస్తే తెర ముందు మొహం మార్చకు, అందరి ముందు అనకు. పేరు హెడ్‌మాస్టరుకి విడిగా చెప్పు. బళ్లకి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీములు వస్తాయి, 2013 నుంచి ఉంది ఆ పథకం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలని వాళ్లే చూసి పైకి పంపుతారు. ఆ దారిలో వెళ్లనీ.

మావూరి_జీడితోట
డాక్టరు గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ‘వాళ్లకి అర్థం కాదు, ఇవ్వొద్దు’ అనే మాట మేం చాలాసార్లు విన్నాం. మా రిపోర్టులు మాకివ్వనప్పుడూ ఇదే మాట అన్నారు.

ఓపీ_చీటీ
అలా అంటే నా దగ్గర జవాబు లేదు. మీ నాన్నగారి రిపోర్టు ఇవ్వకపోవడం తప్పే. అది వైద్య పరీక్ష, ఆయన హక్కు. ఇది వెయ్యి రూపాయల బోర్డు మీద ఆట. ఆటకి పరీక్ష వేషం వేయొద్దన్నదే నా బాధ.

సుద్దముక్క
ఇద్దరూ ఆగండి. ప్రింటు వద్దు, గీయమనండి. పిల్లలు తెర చూసి నోటుబుక్కులో తమ గీత తామే పెన్సిలుతో గీసుకుంటారు. గీయాలంటే చూడాలి, చూస్తే చిన్న గుట్ట, పెద్ద కొండ, మళ్లీ గుట్ట అని వరస పట్టేస్తారు. పెన్సిలు గీత చూసి ఎవడూ ఎకో రాయడు.

ఓపీ_చీటీ
మాస్టారూ, దీనికి సంతకం పెడతాను. ఊపిరి బిగబట్టి ఒకసారి, పీలుస్తూ వదులుతూ ఒకసారి గీయించండి.

పాత_సైకిల్
రిటైరయ్యాను, ఖాళీగా ఉన్నాను, కాబట్టి కొంచెం పొడుగు రాస్తాను.

చిన్నప్పుడు చొక్కా గుండీకి రెండు చిల్లుల్లోంచి దారం ఎక్కించి, మెలితిప్పి లాగి వదిలితే గుయ్యిమని తిరిగేది, గుర్తుందా? మేం సోడాబుడ్డి మూతని రైలు పట్టాల మీద పెట్టి చదును చేసి వాడేవాళ్లం, వేళ్లు తెగేవి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ ల్యాబ్ 2017లో ఇదే ఆటని, రక్తాన్ని గిరగిరా తిప్పి విడదీసే సెంట్రిఫ్యూజ్‌గా చేసింది. అట్టముక్క, దారం, రెండు పట్టుకునే పిడులు. బరువు రెండు గ్రాములు, ఖర్చు 20 సెంట్లు, నిమిషానికి 1,25,000 చుట్లు, కరెంటు అక్కర్లేదు. ఒకటిన్నర నిమిషంలో ప్లాస్మా వేరు పడుతుంది. ఆయన కాన్పూర్ ఐఐటీలో చదివినవాడే. అట్టతో మడిచే ఫోల్డ్‌స్కోప్ సూక్ష్మదర్శిని కూడా ఆ ల్యాబ్‌దే. అమ్మాయీ, వరండాలో వెయిట్ చేసే పిల్లలకి గుండీలు, దారం ఇవ్వు. నీ ఆరు వేలల్లో యాభై రూపాయలు చాలు. రక్తం జోలికి వెళ్లకు, పసుపు నీళ్లు సన్నని గొట్టంలో పోసి తిరిగేదానికి అతికించు, పసుపు ఒకవైపుకి చేరుతుందేమో చూస్తారు.

ఇంకొకటి మీ కృత్రిమ చేయి గురించి. 1960ల చివర జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు కలిసి జైపూర్ కాలు చేశారు. అంతకుముందు విదేశీ నమూనా కాలు బూటుతో నడవడానికి చేసింది. మనవాళ్లు బాసింపట్టు వేసుకు కూర్చుంటారు, గొంతుకూర్చుంటారు, గుడికి చెప్పుల్లేకుండా వెళ్తారు, బురదలో దిగుతారు. ఇచ్చిన కాలు తీసి మూల పడేసేవారు. రబ్బరుతో, ఎటు కావాలంటే అటు వంగే పాదం చేశాకే అది వాడుకలోకొచ్చింది. రామచంద్ర శర్మది పెద్ద చదువు కాదు.

మన హైదరాబాదు కథ కూడా ఉంది. నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థంతో 300 గ్రాములవి చేయించానని కలాం గారు ఎన్ని సభల్లో చెప్పారో. ఆయన ఆస్పత్రికి వెళ్లకపోతే ఆ పదార్థం క్షిపణిలోనే ఉండిపోయేది.

ఫ్యూజుపోయింది
పెద్దాయన మంచిగ చెప్పిండు. నాదొక ముచ్చట. బడికి పోతుండ్రు కదా, పక్కనే పీహెచ్‌సీ ఉంటది. ఆడ మూలకి పడ్డ సామాన్లు ఏమున్నయో ఒక్కసారి చూడుండ్రి. డ్యూక్ యూనివర్సిటీ మాల్కిన్ టీమోళ్లు పేద దేశాల ఆస్పత్రులల్ల లెక్క తీసి 2011ల రాసిండ్రు, నూటికి 40 దాకా మిషన్లు పనిచేస్తలేవని. అంతకు ముందేడు ఇంకో లెక్క: మూలకి పడ్డయిట్ల మూడింట రెండొంతులు కొత్త పార్టులు తెప్పించకుండనే, మామూలు తెలివితోనే బాగుచేయొచ్చని. నా అనుభవం గూడ గదే. ఫ్యూజు, బ్యాటరీ, తెగిన వైరు, బోర్డు మీద బల్లి.

డల్లాస్_గోంగూర
బల్లి గురించి ఏ పేపర్‌లోనూ రాయరు.

నాడీతరంగం
మూడు వారాలైంది, వెళ్లొచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తా.

స్లైడులు లేవు. సార్‌కి మాస్టారి పోస్టు చూపించా, సమోసా దగ్గర నవ్వి ఒప్పుకున్నారు. శాలువా మాత్రం తప్పలేదు. క్లిప్పులు బాగా పనిచేశాయి. మెయిన్ ఆపినప్పుడు గీత శుభ్రపడింది కానీ ఫ్యాన్లు కూడా ఆగి అందరూ చెమటలు కక్కారు, ఆ చెమటకి మణికట్టు దగ్గర గీత ఇంకా బాగా వచ్చింది! గుండీలు, దారం వల్ల మా స్టాల్‌ కన్నా వరండాలోనే జనం ఎక్కువ. పసుపు నీళ్లు నా డ్రెస్సు మీద పడ్డాయి. గోరింటాకు వేలు, మామూలు వేలు పోల్చి చూశారు, మా ఆక్సీమీటరులో తేడా ఏమీ కనపడలేదు. మిషన్ ఎవరి వేలు చూసి నేర్చుకుంది అని అడిగితే ఒక పిల్ల ‘దాన్ని చేసినోళ్ల వేలు’ అంది. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

పరువు పోయింది కృత్రిమ చేయి దగ్గర. ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి దాన్ని తిప్పి తిప్పి చూసి, ‘అక్కా, దీంతోని బకెట్ లేస్తదా’ అన్నాడు. ల్యాబ్‌లో మేం టీ కప్పు ఎత్తి చప్పట్లు కొట్టుకున్నాం. సగం నీళ్లున్న బకెట్ పెట్టాం. వేళ్లని లాగే తీగ టప్పున తెగింది. పిల్లలు నవ్వలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. ఆ అబ్బాయి బడి వదిలాక వాళ్ల చిన్నాయనని గేటు దగ్గరికి తీసుకొచ్చాడు. కుడి చెయ్యి మోచేతి కింద లేదు, గడ్డి కోసే మిషన్‌లో పోయిందట. ఎక్కడో క్యాంపులో ఆయనకి ఒక చెయ్యి ఇచ్చారు, చూడ్డానికి అచ్చం చెయ్యిలాగే ఉంటుందట. ‘గోడ మేకుకి తగిలించి ఉంది’ అన్నాడు. చెమటకి లోపల ఒరుసుకుపోతుందట, పైగా దేన్నీ పట్టదు. ఐదు వేళ్లు నాకెందుకు, పార పట్టేది ఒకటి చేస్తే చాలు అన్నాడు.

మా ల్యాబ్‌లో మూడేళ్లుగా ఐదు వేళ్లనీ విడివిడిగా ఎలా కదిలించాలా అని కొట్టుకుంటున్నాం.

మావూరి_జీడితోట
ఆయన పేరు రాసుకున్నావా, కొలతలు రాసుకున్నావా?

నాడీతరంగం
కొలతలు తీసుకోలేదన్నా. ఆయన ఫోన్ నంబరు తీసుకోలేదు, మాదే ఆయనకి ఇచ్చాం. వచ్చే రెండో శనివారం మళ్లీ వస్తామని చెప్పాం. హెడ్‌మాస్టరు రిజిస్టరులో కూడా రాయించా, మేం రాకపోతే అందరికీ తెలిసేలా.

మావూరి_జీడితోట
ఆదివారం ఇక్కడ రాయి, వెళ్లావో లేదో.

నాడీతరంగం
రాస్తా. ఈలోపు ఒక సాయం కావాలి. పార పట్టే బిగింపు ప్రింటు చేయాలంటే పార కామ (కర్ర పిడి) ఎంత లావుంటుందో తెలియాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో చోట ఒక్కో కొలత ఉంది.

ఫ్యూజుపోయింది
ఆన్‌లైన్ల చూసుడేందమ్మ. కామ ఎవరిది వాళ్లు చెక్కుకుంటరు. ఆయన పార కామ ఆయన చేతికి తగ్గట్టే ఉంటది, ఇప్పుడు ఎడమ చేతికి మార్చుకున్నడో ఏమో గూడ చూడాలె. ప్లాస్టిక్ చేతిని పక్కకు పెట్టి ఒక పాత సైకిల్ ట్యూబు, రెండు పైపు క్లాంపులు పట్టుకొని పో. ఆడనే కట్టి చూడు.

పాత_సైకిల్
ట్యూబు నా దగ్గర ఉంది. ఎక్కడికి పంపాలో చెప్పు.